ఫస్ట్ ఏసీ: బెల్లు పలకదు, గొళ్లెం మాత్రం పడుతుంది

ఉద్యోగం బెంగళూరులో, అమ్మానాన్న హైదరాబాద్‌లో. 2006 నుంచి నెలకో రెండు నెలలకో రాత్రి రైలు ఎక్కుతూనే ఉన్నాను, దొరికితే ఫస్ట్ ఏసీలోనే. ఏ బండో చెప్పను, రెండు మూడు మార్చాను, అన్నింట్లోనూ ఇదే కథ.

మొదట్లో చెప్పులు విప్పేలోపే అటెండెంట్ వచ్చి పక్క వేసి, "పొద్దున ఎన్నింటికి లేపమంటారు సార్?" అని అడిగి వెళ్లేవాడు. గోడకి ఒక బెల్లు బటన్ ఉంటుంది చూడండి, అది నొక్కితే నిజంగా మనిషి వచ్చేవాడు! ఇప్పుడూ ఆ బటన్ అక్కడే ఉంది. పోయిన సంక్రాంతికి వెళ్తూ ఇంకో దుప్పటి కోసం నాలుగుసార్లు నొక్కి, ఇక లాభం లేదని బోగీ చివరికి నేనే వెళ్తే, ఆయన దుప్పట్ల మూటల మీదే ముడుచుకుని నిద్రపోతున్నాడు. లేపబుద్ధి కాలేదు. పక్కనున్న దుప్పటి ఒకటి తెచ్చుకుని పడుకున్నా.

బుక్ చేసేటప్పుడు బెర్తు నంబరు రాదు, చార్టు పడేదాకా ఇద్దరి కూపేనా నలుగురి క్యాబినా అని టెన్షనే.

2003లో మన బెంగళూరు నుంచే ఎయిర్ డెక్కన్ చౌక విమానాలు మొదలుపెట్టింది. డబ్బు పెట్టి ఫస్ట్ క్లాసు ఎక్కేవాళ్లు మెల్లగా అటు జారుకున్నారు, ఇక వాళ్ల కోసం చేసే మర్యాదలు ఎవరికి చేస్తారు? చెన్నై, మైసూరు వైపు వందే భారత్ బాగుంటుంది, ఎగ్జిక్యూటివ్ సీటు గిర్రున తిరుగుతుంది కూడా, కానీ ఎంతైనా అది కుర్చీ బండి.

అసలు సిసలు విలాసం అంటే గోల్డెన్ చారియట్, కర్ణాటక టూరిస్టు రైలు. 2008లో మొదలైంది, అప్పట్లో 44 క్యాబిన్లు, బోగీలకు హొయసల, కదంబ, శాతవాహన అని రాజవంశాల పేర్లు. మధ్యలో ఆగిపోయి మళ్లీ నడిచింది. నేను ఎక్కలేదు. ధర సంగతి అలా ఉంచండి, బెంగళూరులో ఎక్కించుకుని ఊళ్లన్నీ తిప్పి బెంగళూరులోనే దింపే బండి నాకెందుకు, మా అమ్మ ఉండేది హైదరాబాద్‌లో కదా!

మరి ఇంకా ఎందుకు తగలేస్తున్నావ్ అంటే, ఆ గొళ్లెం కోసం. తలుపు లాగి గొళ్లెం వేసి లైటు ఆర్పితే పొద్దుటిదాకా ఎవరి గురకా వినక్కర్లేదు, కూపే మొత్తం మనదైతే కుక్కని కూడా తీసుకెళ్లొచ్చు, మావాడు ఇప్పటికి మూడుసార్లు వచ్చాడు. తలుపుకి అయిదు స్టార్లు, సేవకి ఒకటిన్నర.

వచ్చే నెలకి టికెట్ తీశాను. దుప్పటి ఇంటి నుంచే పట్టుకెళ్తున్నా.