పార్టీ (కస్టమర్) తెచ్చిన ఫైలు ఎక్కడ తెరవాలి? విండోస్, మ్యాక్, లినక్స్, ఫోన్: ఏది మేలు?

పర్లాకిమిడిలో మాది చిన్న ఆన్‌లైన్ సెంటర్. జెరాక్స్, లామినేషన్, ఫారాలు నింపడం, పెళ్లి కార్డులు. పొద్దున ఒడియాలో ఇన్‌కమ్ సర్టిఫికెట్ పని, మధ్యాహ్నం పాతపట్నం నుంచి వచ్చినవాళ్లకి తెలుగులో శుభలేఖ. రోజుకి ఎన్ని పెన్‌డ్రైవులు పెడతామో, వాట్సాప్‌లో ఎన్ని ఫైళ్లు దించుతామో లెక్క ఉండదు. మా కంప్యూటర్లో ఏదైనా తేడా ఫైలు తెరిస్తే అది మాతో ఆగదు, ఆ తర్వాత పెన్‌డ్రైవ్ ఇచ్చిన ప్రతి ఒక్కరికీ అంటుకుంటుంది. జనం ఆధార్ కాపీలు, పాస్‌బుక్ మొదటి పేజీలు, పిల్లల మార్కుల లిస్టులు మమ్మల్ని నమ్మి ఇస్తారు. అందుకే ఈ విషయం నాకు చాలా పెద్దది.

పోయిన వేసవిలో ఒక కాలేజీ అబ్బాయి వచ్చి, "అన్నయ్యా, ప్రాజెక్టు రిపోర్టు ప్రింట్ తియ్యాలి" అని పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. తెరిస్తే అతని ఫోల్డర్ల పేర్లే కనిపించాయి. కానీ ఒక్కోదాని బొమ్మ మీద, కింద ఎడమ మూల, చిన్న బాణం గుర్తు ఉంది. అవి అసలు ఫోల్డర్లు కావు, ఇంకోదాన్ని తెరిచే షార్ట్‌కట్లు. జనం లైన్లో ఉన్నారని తొందరలో చూసుకోకుండా ఒకటి డబుల్ క్లిక్ చేశాను. ఫోల్డర్ మామూలుగానే తెరుచుకుంది, రిపోర్టు ప్రింట్ అయింది, అబ్బాయి వెళ్లిపోయాడు. తెర మీద ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. సాయంత్రానికి మా దగ్గర పెట్టిన ప్రతి పెన్‌డ్రైవూ అలాగే తయారైంది. ఆ రాత్రి పదకొండు దాకా కూర్చుని, నంబర్లు ఉన్నవాళ్లందరికీ ఫోన్ చేశాను, "మీ పెన్‌డ్రైవ్ ఎక్కడా పెట్టకండి, తీసుకురండి, శుభ్రం చేసి ఇస్తాను" అని. ఆ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

రాయగడలో మా బావది కూడా ఇలాంటి షాపే. విషయం చెప్తే అతను అడిగిన మొదటి మాట, "మరి తేడా ఫైలు తెరిస్తే విండోస్ నీలం రంగు హెచ్చరిక తెర వేసి ఆపుతుంది కదా, ఎందుకు ఆపలేదు?" ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వెళ్తేనే ఏ దారి మంచిదో నాకు తేలింది.

బ్రౌజర్లో ఏ ఫైలు దించినా విండోస్ దానికి కనపడని ఒక చీటీ కడుతుంది. దాన్ని మార్క్ ఆఫ్ ది వెబ్ అంటారు. 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 నుంచీ ఉంది. ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కులో (విండోస్ తన డిస్కుకి మామూలుగా వాడే ఫార్మాట్) ఫైలుకి అంటిపెట్టుకుని 'జోన్ ఐడెంటిఫయర్' అనే చిన్న ముక్క ఉంటుంది. అందులో జోన్ నంబర్ 3 అని ఉంటే ఇంటర్నెట్ నుంచి వచ్చిందని అర్థం. మీరే చూడొచ్చు: దించిన ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే అడుగున 'అన్‌బ్లాక్' అని ఒక గడి ఉంటుంది. ఆ గడి ఉందంటే చీటీ ఉన్నట్టే. ఆ చీటీని చూసే విండోస్ కాపలాదారు స్మార్ట్‌స్క్రీన్ నీలం తెర వేస్తుంది, వర్డ్ పసుపు పట్టీ పెట్టి ప్రొటెక్టెడ్ వ్యూలో తెరుస్తుంది, 2022 నుంచి ఆఫీస్ ఫైళ్లలో మాక్రోలు (ఫైలు లోపల ఉండే చిన్న ప్రోగ్రామ్‌లు) నడవకుండా ఆగుతాయి. చీటీ లేకపోతే ఈ కాపలా చాలావరకు పోయినట్టే.

ఇప్పుడు మన పెన్‌డ్రైవుల సంగతి. అవి చాలావరకు ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే ఫార్మాట్లలో ఉంటాయి. ఆ చీటీ పెట్టుకునే చోటే వాటిలో లేదు. ఎవరో ఇంట్లో దించిన ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కగానే చీటీ ఊడిపోతుంది, మన దగ్గరికి వచ్చేసరికి అది ఊరూ పేరూ లేని ఫైలు. దీనికి దొంగ తెలివితేటలు కూడా అక్కర్లేదు.

ఇక చీటీ ఉన్నా దాన్ని తప్పించే లోపాలు ఏటేటా బయటపడుతూనే ఉన్నాయి. 2022 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఈ చీటీని తప్పించే లోపాలు సరిచేసింది. డిసెంబర్‌లో ఇంకొకటి: ఫైలుకి కావాలని పాడుచేసిన డిజిటల్ సంతకం తగిలిస్తే స్మార్ట్‌స్క్రీన్ దాన్ని చదవలేక తడబడి, హెచ్చరిక వెయ్యకుండా వదిలేసేది. మాగ్నిబర్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ముఠా దాన్నే వాడుకుంది. లోపం మూశారు. ఆ ముఠా సంతకాన్ని ఇంకో రకంగా పాడుచేసి, ఈసారి ఎంఎస్ఐ ఫైళ్లతో (ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసేవి) వచ్చింది, 2023 మార్చిలో మళ్లీ మూయాల్సి వచ్చింది. ఆ మధ్యలో ఆ ఫైళ్లు లక్షకు పైగా డౌన్‌లోడ్లు అయ్యాయని గూగుల్ వాళ్లు చెప్పారు. 2023 నవంబర్‌లో, 2024 ఫిబ్రవరిలో ఇంటర్నెట్ షార్ట్‌కట్ ఫైళ్లతో ఇలాంటివే.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది 2024 సెప్టెంబర్‌లో సరిచేసినది. షార్ట్‌కట్ ఫైలు లోపల, అది ఏ ప్రోగ్రామ్‌ని పిలవాలో ఆ దారి చివర ఒక చుక్కో, ఒక ఖాళీనో అదనంగా పెడతారు. అంతే. క్లిక్ చేయగానే విండోస్ ఎక్స్‌ప్లోరర్ "ఇది సరిగ్గా లేదే" అని తానే సరిదిద్ది తిరిగి రాసుకుంటుంది. ఆ రాతలో చీటీ చెరిగిపోతుంది, తనిఖీ ఆ తర్వాత జరుగుతుంది. ఈ పద్ధతి వాడిన నమూనాలు 2018 నాటివి కూడా దొరికాయి. అంటే ఆరేళ్లు ఎవరూ పట్టుకోలేదు.

విండోస్ ఒక్కటే సరిగ్గా ఉంటే చాలదు కూడా. జిప్ ఫైళ్లు విప్పే 7-జిప్ ప్రోగ్రామ్‌లో, ఒక జిప్ లోపల ఇంకో జిప్ పెడితే లోపలి ఫైలుకి చీటీ అంటేది కాదు. 2024 నవంబర్‌లో వచ్చిన 24.09 వెర్షన్‌లో బాగుచేశారు. కానీ 7-జిప్ తనంతట తాను అప్‌డేట్ అవ్వదు. మా షాపులో ఉన్నది 2019ది. మీది ఒకసారి హెల్ప్‌లో చూసుకోండి. విండోస్‌లో వాడే వాట్సాప్ యాప్‌లో కూడా 2.2450.6 కన్నా పాత వెర్షన్లలో ఒక లోపం ఉండేది: పైకి ఫొటోలా చూపించి, క్లిక్ చేస్తే ఫైలు పేరు చివర ఉన్న అక్షరాలను బట్టి తెరిచేది.

ఇంత చెప్పాక బావ, "అయితే మ్యాక్ కొనేద్దాం" అన్నాడు. మ్యాక్‌లోనూ కాపలా ఇదే పద్ధతి. అక్కడ చీటీ పేరు క్వారంటైన్, కాపలావాడి పేరు గేట్‌కీపర్, 2012లో వచ్చింది. 2021లో దానికీ పెద్ద కన్నం బయటపడింది: యాప్ లోపల ఉండాల్సిన ఒక వివరాల ఫైలు లేకుండా, స్క్రిప్ట్‌తో యాప్ కడితే గేట్‌కీపర్ అడగకుండానే వదిలేసేది. ఏప్రిల్ 26న సరిచేశారు, కానీ ష్లేయర్ అనే మాల్‌వేర్ జనవరి నుంచే వాడుకుంటోంది. 2022లో మైక్రోసాఫ్ట్ వాళ్లే మ్యాక్‌లో ఇంకొకటి కనిపెట్టారు, ఫైలు అనుమతులను అడ్డుపెట్టి అసలు చీటీ రాయనివ్వకుండా చేసేది. ఒక్క మంచి మార్పు మాత్రం ఒప్పుకోవాలి. 2024లో వచ్చిన మ్యాక్ వెర్షన్ సెకోయాలో, కంట్రోల్ క్లిక్ చేసి హెచ్చరిక దాటిపోయే అడ్డదారి తీసేశారు. సెట్టింగుల్లోకి వెళ్లి మరీ ఒప్పుకోవాలి. విండోస్‌లో 'మోర్ ఇన్ఫో', 'రన్ ఎనీవే' అని రెండు నొక్కులతో అయిపోతుంది కదా, దానికన్నా ఇది నయం. అయినా ఎం4 మ్యాక్ మినీ ధరే మన దేశంలో 59,900 రూపాయలతో మొదలైంది. మా అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు, వేలిముద్ర మెషిన్ దాంతో నడవవు. మనలాంటి షాపుకి మ్యాక్ వద్దని తేల్చి చెప్పాను.

డబ్బు పెట్టి యాంటీవైరస్ కొంటే? ఉంటే మంచిదే. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఆన్‌లో ఉండి, అప్‌డేట్లు పడుతుంటే నేనైతే విడిగా కొనను.

లినక్స్ దగ్గర నాకు మనసు కుదిరింది. అక్కడ ఇలాంటి చీటీ మీద ఆధారపడి లేరు. దించిన ఫైలుకి నడిచే అనుమతి మామూలుగా ఉండదు, మనం కావాలని ఇస్తేనే నడుస్తుంది. విండోస్ కోసం రాసిన ఎక్స్ఈ (ప్రోగ్రామ్ ఫైలు), షార్ట్‌కట్ దానికి అర్థం కావు. ఆ అబ్బాయి పెన్‌డ్రైవ్‌లాంటిదే తర్వాత ఇంకొకటి వస్తే లినక్స్ మింట్ వేసిన పాత సీపీయూకి పెట్టి చూశాను. విండోస్‌లో దాగిపోయే అసలు ఫోల్డరూ, దాని పేరుతోనే ఎల్ఎన్‌కే అని చివర ఉన్న దొంగ షార్ట్‌కట్టూ, రెండూ పక్కపక్కనే కనిపించాయి. షార్ట్‌కట్ నొక్కితే ఏమీ జరగలేదు. చెరిపేసి, ఫోల్డర్ తెరిచి ప్రింట్‌కి ఇచ్చాను. అది చూసిన రోజు నిజంగా ఊపిరి పీల్చుకున్నాను.

ఇబ్బందులు లేవని చెప్పను. వర్డ్‌లో చేసిన బయోడేటాలో టేబుల్ ఒక్కోసారి ఒక గీత కిందకి జారుతుంది. మా పాత లేజర్ ప్రింటర్‌కి లినక్స్ డ్రైవర్ రెండు రోజులు తిప్పలు పెట్టి చివరికి కుదరలేదు. అందుకని లినక్స్‌లో తెరిచి పీడీఎఫ్ చేసి, ఆ పీడీఎఫ్ ఒక్కటే విండోస్ మెషిన్‌కి పంపి ప్రింట్ తీస్తున్నాం. ఒక్కో పార్టీకి ఒక నిమిషం ఎక్కువ పడుతుంది. శుభలేఖలు, ఒడియా అక్షరాల డీటీపీ మాత్రం విండోస్‌లోనే. ఆ మెషిన్‌కి బయటి పెన్‌డ్రైవ్ పెట్టడం మానేశాం.

ఫోన్లో తెరిచి చూడటం కూడా మంచి దారే, ఎక్స్ఈ అక్కడ నడవదు. కానీ ఫోన్‌కి దాని ప్రమాదం దానికుంది. చలానా అనో, ప్రభుత్వ పథకం డబ్బు అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించేవి. వాట్సాప్‌కి ఒకసారి 'అన్‌నోన్ యాప్స్' అనుమతి ఇచ్చేస్తే ఆ ప్రశ్న మళ్లీ రాదు. మా షాపుకి వచ్చే పెద్దవాళ్ల ఫోన్లలో ఆ అనుమతి ఆన్‌లో కనిపిస్తే వాళ్లకి చెప్పి తీసేస్తున్నాను.

బావకి చెప్పింది ఇదీ. రెండు మెషిన్లు ఉంటే పార్టీ ఫైళ్లకి లినక్స్, డీటీపీకి, వేలిముద్రకి విండోస్. ఒక్కటే ఉంటే విండోస్ 11, అప్‌డేట్లు ఆపకుండా. నెలలో రెండో మంగళవారం రాత్రి వస్తాయి, బుధవారం షాపు తెరవగానే ముందు ఆ పని. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, దాన్ని పార్టీ ఫైళ్లకి వాడొద్దు. వ్యూ మెనూలో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్ పెట్టుకోవాలి. ఫైలు మెయిల్‌కి పంపమని, దించకుండా జీమెయిల్‌లోనే తెరిచి అక్కడి నుంచే ప్రింట్ ఇవ్వాలి. ఎవరి ఆధార్ కాపీ అయినా పని అయ్యాక మెయిల్లోంచి తీసెయ్యాలి, ట్రాష్‌లోంచి కూడా.

బావ అటక మీంచి పాత సీపీయూ దించాడు. రెండు జీబీ ర్యామ్ ఉంది, నాలుగు చేయించమన్నాను. ప్రింటర్ లినక్స్‌తో నడుస్తుందో లేదో ముందే చూసుకోమంటే, వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబర్ ఫొటో తీసి నిన్న రాత్రి పంపాడు.