టేపు లేకుండా గది మాట్లాడుకోవద్దు: గోపాల్‌పూర్, బరంపురం నాలుగు రోజులు

మా పిన్ని వీల్‌చైర్‌లోనే తిరుగుతుంది. ఆమెతో, బాబాయితో కలిసి ఒడిశాలోని గోపాల్‌పూర్ వెళ్లాం. అక్కడ బీచ్‌కి దగ్గర్లో ఉన్న లాడ్జి వాళ్లు ఫోన్‌లో మూడుసార్లూ ఒకే మాట చెప్పారు: "వీల్‌చైర్‌కి ర్యాంపు ఉందండీ, ఏం ఇబ్బంది లేదు." ర్యాంపు ఉన్నమాట నిజమే. దాని పొడవు నాలుగడుగులు, ఎక్కాల్సిన ఎత్తు పద్నాలుగు అంగుళాలు.

లెక్క చాలా చిన్నది. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు, అంటే 1:12 వాలు. పద్నాలుగు అంగుళాలకు పద్నాలుగు అడుగుల ర్యాంపు కావాలి. నాలుగడుగుల్లో ముగిస్తే కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, కూర్చున్న మనిషి వెనక్కి పడుతుంది. పిన్నిని ఎక్కించడానికి వెనక ఒకరు, ముందు ఒకరు పట్టాల్సి వచ్చింది. పైకి చేరాక ఇంకో చిక్కు. తలుపు బయటికి తెరుచుకుంటుంది, దాని ముందు కుర్చీ నిలిపే చదును లేదు. తలుపు తీసేదాకా కుర్చీని వాలు మీదే ఆపి పట్టుకోవాలి. ర్యాంపు మొదట్లోనూ చివర్లోనూ ఐదడుగుల చదును ఉండాలనేది ఇందుకే. దిగేటప్పుడు కుర్చీని ఎప్పుడూ వెనక్కి తిప్పి, తోసేవాళ్లు కింద ఉండి దించాలి. ముఖం ముందుకు పెట్టి దించితే మనిషి జారిపోతుంది.

అసలు దెబ్బ బాత్‌రూం దగ్గర తగిలింది. పిన్ని కుర్చీ, పక్క రిమ్ములతో కలిపి, 64 సెంటీమీటర్లు. బాత్‌రూం తలుపులో దొరికిన ఖాళీ 60. చాలా లాడ్జిల్లో ఇంతే, ఎందుకంటే బాత్‌రూంకి రెండున్నర అడుగుల తలుపు అంటే వడ్రంగి లెక్కలో అది చట్రం బయటి కొలత. రెండు పక్కలా చట్రం చెక్క పోగా, తెరిచిన తలుపు మందం పోగా, మిగిలేది అరవై చిల్లర. దివ్యాంగులకు అనువైన భవనాల ప్రమాణాల ప్రకారం 90 సెంటీమీటర్ల ఖాళీ దారి ఉండాలి. దానికి తోడు నీళ్లు గదిలోకి రాకుండా కట్టిన మూడంగుళాల గట్టు. కమోడ్ సీటు ఎత్తు 39 సెంటీమీటర్లు. ఉండాల్సింది 45 నుంచి 48. పిన్ని కుర్చీ మెత్తతో కలిపి 51 ఉంటుంది. కాళ్లలో బలం లేని మనిషి పన్నెండు సెంటీమీటర్లు కిందికి జరగడమంటే పడడమే, మళ్లీ పైకి రావడానికి మొత్తం బరువు చేతుల మీదే. పట్టుకునే కడ్డీ అని చూపించింది రెండు స్క్రూలతో బిగించిన తువ్వాలు కడ్డీ. చేత్తో కిందికి లాగి చూస్తేనే గోడలోంచి కదిలింది.

గది అద్దె రోజుకు 2,400. ముందుగా పంపిన 1,000 తిరిగి ఇచ్చేది లేదన్నారు. "ర్యాంపు ఉందని చెప్పాం, ఉంది కదా" అన్నారు. బాబాయి ఆ పూట అన్నం ముట్టలేదు. పిన్ని మాత్రం సముద్రం చూడకుండా కదలనంది. ఇసుకలో సన్నటి ముందు చక్రాలు దిగబడతాయి కాబట్టి కుర్చీని వెనక్కి వాల్చి, పెద్ద చక్రాల మీద, వెనక్కి నడుస్తూ లాగాలి. తడి ఇసుక దాకా చేరితే నేల గట్టిగా ఉంటుంది, అక్కడ మామూలుగానే తోయొచ్చు. ఇంటికి వెళ్లాక ముందు చక్రాల బేరింగులు మంచినీళ్లతో కడిగి నూనె వేయాలి, లేకపోతే ఉప్పుకు పట్టేస్తాయి.

రాత్రికే బరంపురం వచ్చేశాం, పదహారు కిలోమీటర్లు. అక్కడ పాత బజారు వైపు ఒక చిన్న లాడ్జి, అద్దె 1,350. లిఫ్ట్ లేదు, ఏసీ లేదు, ప్రకటనలో వీల్‌చైర్ బొమ్మా లేదు. కౌంటర్లో కుర్రాడు తెలుగువాడే. ఫోన్‌లో అడగ్గానే టేపు తీసుకెళ్లి కొలిచి, కింది అంతస్తు గది తలుపు 82, బాత్‌రూం తలుపు 66 అని చెప్పి, టేపు కనిపించేలా ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు. అరవై ఆరంటే దూరుతుంది గానీ వేళ్ల కణుపులు గీసుకుంటాయి. పొద్దున్నే వడ్రంగిని పిలిపించి కీళ్ల పిన్నులు లాగించి తలుపు తీయించాడు. తలుపు మందం పోయి మూడు సెంటీమీటర్లు కలిసొచ్చాయి. చట్రానికి తాడు కట్టి పరదా వేశాడు. వడ్రంగికి 200 మనం ఇస్తామంటే వద్దన్నాడు. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. అదొక్కటి మాత్రం వాడొద్దు: తడి టైల్స్ మీద పక్కకు బరువు పడితే ప్లాస్టిక్ కాళ్లు విడిపోతాయి. కాళ్లకు రబ్బరు తొడుగులున్న ఇనప స్టూలు అడిగాం, దొరికింది.

తారాతారిణి కొండ మీది గుడికి 999 మెట్లు; పైదాకా బండి దారి ఉంది, అదే పట్టుకోండి. ఆ రోజంతా హాయిగా గడిచింది.

భోజనం సంగతి మాత్రం చెప్పాలి. చాలా హోటళ్లలో బల్ల, బెంచీ కలిపి నేలకు బిగించేస్తారు. కుర్చీ కిందికి దూరదు, పక్కన అడ్డంగా నిలబెట్టి ఒళ్లో పళ్లెం పెట్టుకోవాలి. బరంపురంలో ఒక మెస్సులో గడప రోడ్డు మట్టానికే ఉంది, బల్లలు విడివి, కింద 70 సెంటీమీటర్లు ఖాళీ. పిన్ని మోకాళ్లు లోపలికి వెళ్లాయి. అన్నం, దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు), ముద్దపప్పు, ఊరమిరపకాయలు, అప్పడం, మనిషికి 90 రూపాయలు. పిన్ని రెండోసారి దాల్మా అడిగి వేయించుకుంది. బయటికెళ్తే మరుగుదొడ్డి భయంతో నీళ్లు కూడా తాగని మనిషి ఆమె.

తిరుగు రైలు ఎక్కిన స్టేషన్లో బండి వేరే ప్లాట్‌ఫాంకి వస్తోందని పదిహేను నిమిషాల ముందు చెప్పారు. లిఫ్ట్‌కి తాళం, తాళం ఉన్న మనిషి టీకి వెళ్లాడు. చివరికి కూలీలిద్దరు వంతెన మీదుగా మోశారు, 400. ఎత్తేటప్పుడు వాళ్లు చేతులు పెట్టుకునే పట్టీలు పట్టుకోబోయారు. అవి ఊడి వచ్చే రకం, కాళ్లు పెట్టే పలకలూ అంతే. వెనక తోసే పిడులు, ముందు సీటు కింది ఇనప చట్రం మాత్రమే పట్టాలని ముందే చూపించాలి, బ్రేకులు వేసి ఉంచాలి. ప్లాట్‌ఫాం ఎత్తుదైనా పెట్టె నేల ఇంకా అడుగు పైనే ఉంటుంది, కాబట్టి మడత ర్యాంపు కావాలని స్టేషన్ మాస్టర్‌ని అరగంట ముందే అడగాలి.

టికెట్ విషయంలో రైల్వే దివ్యాంగుల కార్డు నంబరు లేకపోతే ఆన్‌లైన్‌లో రాయితీ రాదు. తోడు లేకుండా ప్రయాణించలేని వాళ్లకు స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం. తోడు వెళ్లే ఒకరికీ అంతే. వెడల్పు తలుపు, పెద్ద మరుగుదొడ్డి ఉండే దివ్యాంగుల పెట్టె గార్డు పెట్టెతో కలిసి బండికి ఏదో ఒక కొసన ఉంటుంది. అది ముందుందో వెనకుందో తెలుసుకోకుండా ప్లాట్‌ఫాం మధ్యలో నిలబడితే రెండు నిమిషాల్లో అక్కడికి చేరలేరు.

ఆ గోపాల్‌పూర్ లాడ్జి మీద ఫిర్యాదు రాశాం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ భవనాలకే కాదు, జనానికి సేవలందించే ప్రైవేటు వాళ్లకూ వర్తిస్తుంది. ఉల్లంఘనకు మొదటిసారి 10,000 దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. ప్రమాణాలు సలహాలుగా కాదు, తప్పనిసరి నియమాలుగా ఉండాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదు రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి పంపాలి. "ఇబ్బంది పడ్డాం" అని రాస్తే చాలదు. ర్యాంపు పొడవు, ఎత్తు, తలుపు ఖాళీ, కమోడ్ ఎత్తు, ఒక్కో కొలతకూ టేపు కనిపించే ఫొటో, తేదీ, రసీదు జతచేయాలి.

ఇప్పుడు ఫోన్‌లో "ర్యాంపు ఉందా" అని అడగడం మానేశాం. మెట్లు ఎన్ని, బాత్‌రూం తలుపు తెరిచాక ఖాళీ ఎంత, గట్టు ఎంత, కమోడ్ ఎత్తెంత, ఫొటో పంపుతారా. ఈసారి వెళ్దామనుకున్న పర్లాకిమిడిలో ఐదు లాడ్జిలకు ఫోన్ చేస్తే నలుగురు విసుక్కుని పెట్టేశారు. ఐదో ఆవిడ గంటలో తిరిగి ఫోన్ చేసింది: మెట్టు ఒకటే, నాలుగంగుళాలు, తలుపు 71, గట్టు లేదు, కమోడ్ 44, అద్దె 1,100. నాలుగడుగుల చెక్క మనమే తీసుకెళ్తే సరిపోతుందని బాబాయి లెక్క కట్టాడు. పిన్ని సంక్రాంతి తర్వాతి వారానికి గది చెప్పించింది.