ఇనుప బోటు వైరింగు: బాడీ ఎర్త్ మేలా, రెండు తీగలు మేలా?

చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభ ఊళ్లో ఒక ఇనుప లాంచీకి వైరింగు మార్చినప్పటి నుంచి గోపాల్‌పూర్, బరంపురం మనవాళ్లు ఒకటే అడుగుతున్నారు, ట్రాక్టరుకు లాగా బాడీనే నెగటివ్ చేస్తే సగం తీగ మిగులుతుంది కదా అని. తీగ మిగులుతుంది, బోటు రేకు పోతుంది. తిరిగొచ్చే కరెంటులో కొంత నీళ్ల దారి పడుతుంది, అది రేకును వదిలి నీళ్లలోకి దిగిన చోట ఇనుము కరుగుతుంది. ఒక్క ఆంపియర్ డీసీ ఏడాదంతా అలా దిగితే సుమారు 9 కిలోల ఇనుము పోయినట్టే. అందుకే ఆ పద్ధతి వద్దు.

కరెంటు పోవడానికి ఒక తీగ, తిరిగి రావడానికి ఒక తీగ వేసే పద్ధతులు రెండున్నాయి, అసలు పోటీ వాటి మధ్యే. ఒకటి, నెగటివ్‌ను ఇంజిన్ దగ్గర ఒకే చోట బాడీకి కట్టడం. పాజిటివ్ ఎక్కడ రేకుకు తగిలినా ఫ్యూజు కొట్టేస్తుంది, మామూలు లారీ ఇంజిన్‌తోనే పనైపోతుంది, ఖర్చు తక్కువ. కానీ అంతా ఆ ఒక్క లగ్గు (తీగను బాడీకి బిగించే కొస బిళ్ల) మీదే ఆధారం. నేను చూసిన ఒక బోటులో అది తుప్పుపట్టి వదిలేసింది, అదే సమయంలో బిల్జ్ పంపు (బోటు అడుగున చేరిన నీళ్లు తోడే పంపు) పాజిటివ్ తీగ ఒరుసుకుని ఫ్రేముకు తగిలింది. కరెంటు రేకులోంచి నీళ్లలోకి, అక్కడి నుంచి ప్రొపెల్లర్ షాఫ్టు మీదుగా ఇంజిన్ నెగటివ్‌కు పోతూనే ఉంది, ఫ్యూజు మాత్రం కొట్టలేదు. వెనక రేకు గుంటలు పడ్డాక గానీ ఎవరికీ తెలియలేదు.

రెండోది, దేన్నీ బాడీకి కట్టకపోవడం. నా ఓటు దీనికే, ఎందుకంటే తప్పు జరిగితే ముందే పట్టుకోవచ్చు. స్విచ్చులన్నీ వేసి, బ్యాటరీ పాజిటివ్‌కూ బాడీకీ మధ్య 12 వోల్టుల బల్బు పెట్టండి. వెలిగితే నెగటివ్ ఎక్కడో బాడీకి తగిలింది. నెగటివ్‌కూ బాడీకీ మధ్య వెలిగితే పాజిటివ్ తగిలింది. చిన్న లీకులకు బల్బు చాలదు, మల్టీమీటరు కావాలి. నెలకోసారి ఈ పరీక్ష చెయ్యని వాళ్లు మాత్రం ఈ పద్ధతి జోలికి పోవద్దు, ఎందుకంటే మొదటి లీకుకు ఇక్కడ ఏ ఫ్యూజూ కొట్టదు. ఆల్టర్నేటరు, స్టార్టరు, ఆయిల్ ప్రెషర్ సెన్సారు కూడా బాడీకి తగలని రకానివే కావాలి, అవి మార్చకుండా విడిగా కట్టాం అనుకుంటే లాభం లేదు. ఆ ఖర్చు పెట్టలేకపోతే మొదటి పద్ధతే చేయించుకుని, ఆ లగ్గును ప్రతి సీజనుకూ విప్పి, గీకి, మళ్లీ బిగించండి. అల్యూమినియం బోటైతే మాత్రం రెండోదే, బేరం లేదు.

రేకుకు బదులు తామే కరిగిపోయేలా బోటుకు బిగించే జింకు ముక్కల (యానోడ్‌ల) సంగతి: చిలికా నీళ్లు వానల్లో చప్పబడతాయి, అప్పుడు జింకు పైన పొర కట్టి మొద్దుబారుతుంది, అల్యూమినియం యానోడ్ నయం.

ఒడ్డు నుంచి 230 వోల్టులు తీసుకునే వాళ్లు తుప్పు భయంతో ఎర్త్ తీగ తెంపకండి, మనిషి ప్రాణం పోతుంది. ఎర్త్ తీగలో తుప్పు పట్టించే చిన్న డీసీ కరెంటును ఆపే గాల్వానిక్ ఐసోలేటరు పెట్టించండి, డబ్బుంటే ఒడ్డు తీగలతో నేరుగా సంబంధం లేకుండా కరెంటు ఇచ్చే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు.