సెకండ్ హ్యాండ్ రోడ్ సైకిలుకి మా వీధి చివర సైకిల్ షాపు: ఏం బాగు చేస్తాడు, ఏం చేయించకూడదు

ముందే చెప్పేస్తున్నా, వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్ రోడ్ సైకిలు కొన్నవాళ్ళు ఎవరైనా గేర్లు సరిగా పడట్లేదని వేలకి వేలు పెట్టి డిరైల్యర్ (చైనుని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదకి జరిపేది) మార్చే ముందు ఒకసారి గేరు కేబులూ దాని ఔటరూ (పైన ఉండే తొడుగు) విప్పి చూసుకోండి. సముద్రం పక్కన ఊరు మనది, ఉప్పు గాలికి ఇంటి గేటు గొళ్ళేలే తినేస్తాయి, ఇక సన్నటి తీగ సంగతి చెప్పక్కర్లేదు. నా గొడవంతా అక్కడే తేలింది, తేల్చింది మా వీధి చివర పాత సైకిల్ షాపు బాబాయ్. బోర్డు మీద పేరు ఎప్పుడో వెలిసిపోయింది, కాబట్టి పేరు అడగకండి, ఇలాంటి షాపు మీ పేటలో కూడా ఒకటి ఉండే ఉంటుంది.

సైకిలు సంగతి చెప్తా. అల్యూమినియం ఫ్రేము, షిమానో క్లారిస్ 8 స్పీడ్, 700×25 టైర్లు, 16 వేలకి పడింది. అమ్మినాయన సర్వీసు చేయించే ఇస్తున్నా అన్నాడు గానీ ఆ సర్వీసు అంటే నీళ్ళతో కడగడం అని తర్వాత అర్థమైంది. వెనక గేరు చిన్న పళ్ళచక్రం నుంచి పెద్దదానికి బానే ఎక్కేది, దిగేటప్పుడే పేచీ, లివరు నొక్కితే కాసేపు ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా రెండు గేర్లు దిగిపోతుంది. వెనక బ్రేకు పట్టాక వదలదు. ముందు చక్రం బెండు. పైగా తొక్కినప్పుడల్లా కింద ఎక్కడో కిర్రుమని సౌండు. పెద్ద షోరూం ఒకదానికి తీసుకెళ్తే (పేరెందుకులెండి) ఏదీ విప్పకుండానే డిరైల్యర్, షిఫ్టర్ (గేరు లివరు), చైను, క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి) అన్నీ మార్చాలని ఏడు వేల పైచిలుకు ఎస్టిమేటు రాసి చేతిలో పెట్టారు.

బాబాయ్ షాపులో ఎక్కువగా పాల సైకిళ్ళు, పిల్లల సైకిళ్ళు, అక్కడక్కడా గేరు సైకిళ్ళు. స్టాండు లేదు, దూలానికి కట్టిన తాడుకి సీటు తగిలించి సైకిలు వేలాడదీస్తాడు. డిరైల్యర్ దగ్గర బోల్టు వదులు చేసి కేబులు ఒట్టి చేత్తో లాగి చూశాడు, ఔటర్‌లోంచి కదల్లేదు. "గేరు బాగానే ఉంది బాబూ, తీగ తుప్పట్టిపోనాది" అన్నాడు, అంతే డయాగ్నసిస్. ఆలోచిస్తే లాజిక్ కూడా అదే కదా, పెద్ద చక్రానికి ఎక్కించేటప్పుడు మన వేలు కేబుల్ని బలంగా లాగుతుంది కాబట్టి తుప్పున్నా ఎక్కుతుంది, దిగేటప్పుడు మాత్రం డిరైల్యర్ స్ప్రింగు ఒక్కటే లాగాలి, తీగ ఇరుక్కుంటే దానికి బలం చాలదు. అందుకే ఎక్కడం ఓకే, దిగడం లేటు అంటే మొదట కేబుల్నే అనుమానించాలి. ముఖ్యంగా వెనక డిరైల్యర్‌లోకి వంపు తిరిగి దూరే ఆ చివరి ఔటర్ ముక్క, నీళ్ళూ ఇసుకా అన్నీ చేరేది దాంట్లోనే. పెడళ్ళ క్రాంకు ఇరుసు కింద కేబులు జారే ప్లాస్టిక్ గైడు కూడా చూడండి, నాదాంట్లో రుషికొండ ఇసుక అంతా అక్కడే ఉంది.

ఇక్కడిదాకా సూపర్, ఇక్కడ్నుంచే మనం జాగ్రత్తగా ఉండాలి. బాబాయ్ దగ్గర ఉన్నది బ్రేకు ఔటర్ ఒక్కటే, అదే గేరుకి కోసి పెట్టబోయాడు, నేను వద్దన్నా. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి గానీ లోపల వేరు. బ్రేకు ఔటర్‌లో ఇనప తీగ స్ప్రింగులా చుట్ట చుట్టి ఉంటుంది, లాగినప్పుడల్లా కాస్త నొక్కుకుంటుంది, గేరుకి ఆ కాస్తే చాలు ఇండెక్సింగ్ (ఒక్కో క్లిక్కుకి ఒక్కో గేరు సరిగ్గా పడడం) చెడడానికి. గేరు ఔటర్‌లో తీగలు నిలువుగా బారుగా ఉంటాయి, నొక్కుకోవు. పొరపాటున కూడా తిరగేసి గేరు ఔటర్ బ్రేకుకి వేయించకండి, గట్టిగా బ్రేకు పట్టినప్పుడు ఆ తీగలు చీలి బయటికి వచ్చేసే ప్రమాదం ఉంది, కైలాసగిరి దిగేటప్పుడు అలాంటిది జరిగితే ఇంకేమైనా ఉందా. అలాగే రోడ్ సైకిలు బ్రేకు కేబులు తల పియర్ పండు షేపులో ఉంటుంది, మామూలు హ్యాండిల్ సైకిళ్ళది చిన్న డ్రమ్ములా ఉంటుంది, అది మన లివర్లో కూర్చోదు. అందుకని గేరు ఇన్నర్ (లోపలి తీగ, 1.2 మిల్లీమీటర్లది), బ్రేకు ఇన్నర్, రెండు రకాల ఔటర్లు, చివరి క్యాపులు అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించి చేతికిచ్చా, మొత్తం వెయ్యి లోపే అయింది. కోసేటప్పుడు మొద్దు కటింగ్ ప్లయర్ వాడితే ఔటర్ మూతి నలిగిపోతుంది, బాబాయ్ మాత్రం కోశాక ఆకురాయితో చదును చేసి మేకుతో లోపలి ప్లాస్టిక్ గొట్టం నోరు తెరిచి పెట్టాడు, చెప్పకుండానే చేశాడు, అక్కడ పడిపోయా నేను. బ్రేకు పట్టాక వదలకపోవడం కూడా కొత్త కేబులుతోనే పోయింది.

గేరు ఫైన్ ట్యూనింగ్ మాత్రం ఇంట్లో చేసుకోండి, ఆయనకి ఓపిక లేదు, స్క్రూడ్రైవర్ తీసుకుని హెచ్, ఎల్ స్క్రూల మీద పడతాడు. ఆ రెండూ చైను చివరి చక్రాలు దాటి బయట పడకుండా ఆపే హద్దులు మాత్రమే, హెచ్ చిన్నదాని వైపు, ఎల్ పెద్దదాని వైపు. మధ్య గేర్లలో తేడా ఉంటే వాటిని ముట్టుకునే పనే లేదు. డిరైల్యర్‌లోకి కేబులు దూరే చోట తిప్పే మర ఉంటుంది చూడండి, బ్యారెల్ అడ్జస్టర్. పెద్దదానికి ఎక్కడం లేటైతే వెనక నుంచి చూస్తూ అపసవ్యంగా పావు చుట్టు, దిగడం లేటైతే సవ్యంగా పావు చుట్టు, తిప్పడం, పెడల్ తొక్కడం, వినడం, అంతే. కొత్త కేబులు మొదట్లో కాస్త సాగినట్టు వదులవుతుంది, అప్పుడు అపసవ్యంగా ఇంకో పావు చుట్టు.

చక్రం బెండు తీయడంలో మాత్రం ఈయన్ని కొట్టేవాడు లేడు. చక్రం ఊడదీయకుండానే బ్రేకు రబ్బరుని గుర్తుగా పెట్టుకుని తిప్పుతూ, స్పోకుల్ని వేళ్ళతో మీటుతూ వెళ్తాడు, వీణ శృతి చేస్తున్నట్టే ఉంటుంది, సౌండు మందంగా వచ్చిన స్పోకు దగ్గర ఆగుతాడు. రిమ్ము ఎడమకి పోతే ఆ చోట కుడి వైపు స్పోకులు బిగించడం, ఎడమవి కాస్త వదలడం, అదీ పావు చుట్టు చొప్పునే. పక్కకి ఊగడం తగ్గాక పైకీ కిందకీ ఎగురుతోందా అని కూడా చూశాడు, అది చాలామంది చూడరు. 150 తీసుకున్నాడు, తర్వాత భీమిలి దాకా వెళ్ళొచ్చా, రబ్బరుకి ఎక్కడా తగల్లేదు.

కిర్రు సౌండు బాటమ్ బ్రాకెట్‌దే (పెడళ్ళ ఇరుసు బేరింగుదే) అని నేను ఫిక్సయిపోతే కాదు, పెడల్‌దట. రెండు పెడల్సూ ఊడదీసి మరలు తుడిచి గ్రీజు రాసి బిగించాడు, పోయింది. ఇంట్లో చేసేవాళ్ళకి ఒక మాట, ఎడమ పెడల్ మర ఉల్టా, మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. పనిలో పనిగా సీటు గొట్టం కూడా బయటికి లాగించి గ్రీజు రాయించండి, ఈ ఉప్పు గాలికి అది ఫ్రేములో పట్టేసిందంటే తర్వాత ఏ షాపూ ఏం చేయలేదు.

ఇక నచ్చనివి. చైనుకి డబ్బాలో ఉన్న వేస్ట్ ఇంజనాయిల్ పోసేస్తాడు, బీచ్ రోడ్డు ఇసుకకి అది గమ్ములా తయారై చైనునీ పళ్ళనీ కలిపి అరగదీస్తుంది, గట్టిగా వద్దని చెప్పండి. చైను అరిగిందో లేదో కూడా ఒట్టి కంటితో చూసి చెప్పేస్తాడు, నేనైతే ఇనప స్కేలు పెట్టి కొలిచా, స్కేలు సున్నా ఒక పిన్ను మీద పెడితే పన్నెండు అంగుళాల దగ్గర సరిగ్గా ఇంకో పిన్ను రావాలి, అంగుళంలో పదహారో వంతు దాటిపోతే చైను మార్చాలి, ఎనిమిదో వంతు దాకా వదిలేస్తే క్యాసెట్ కూడా పోయినట్టే. నాది ఆ లోపే ఉంది, అంటే ఎస్టిమేటులో చైనూ క్యాసెట్టూ కూడా దండగే. టార్క్ రెంచి (ఎంత బిగిస్తున్నామో కొలిచే స్పానర్) లేదు, హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్క) బోల్టులు చేతి బలం కొద్దీ బిగిస్తాడు, నా స్టెమ్ మీద 5 న్యూటన్ మీటర్లని రాసి ఉంది, ఇంటికొచ్చి వదులు చేసుకుని సరిగ్గా పెట్టుకున్నా. కార్బన్ హ్యాండిలో, ఫోర్కో ఉన్నవాళ్ళు ఆ పని ఇక్కడ అసలు పెట్టుకోకండి. ముందు బ్రేకు పట్టుకుని సైకిలు ముందుకీ వెనక్కీ ఊపితే హెడ్‌సెట్‌లో, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల్లో, ఆట (వదులు) తెలుస్తుంది, దానికి కూడా ఆయన పై క్యాపు బోల్టు ఒక్కటే బిగించేశాడు, స్టెమ్ పక్క బోల్టులు వదులు చేయకుండా అది బిగిస్తే ఏం లాభం.

కేబుళ్ళు, చక్రం, పెడల్స్ అన్నీ కలిపి మజూరీ 450 అయింది. ఐదుకి నాలుగు స్టార్లు, ఒకటి తీసేసింది ఆ ఇంజనాయిల్ డబ్బాకి. పొద్దున స్కూలు పిల్లల పంచర్ల రష్షు ఉంటుంది, మధ్యాహ్నం పడుకుంటాడు, సాయంత్రం నాలుగు దాటాక వెళ్తే తీరిగ్గా చేస్తాడు, ఫోన్‌పే ఉంది, ఫోన్ చేస్తే మాత్రం ఎత్తడు. రోడ్ సైకిలు సన్న వాల్వుకి ఆయన పంపు పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకెళ్ళండి.