ఎచ్చెర్ల జిరాక్స్ కొట్టు: అలమరలో పాత బ్యాచిల నోట్సు

మా అమ్మాయి ఎమ్మెస్సీ మేథ్స్ ప్రాజెక్టు రిపోర్టు బైండింగు చేయించాలంటే మొన్న నేనూ వెంట వెళ్లాను. శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో చిన్న జిరాక్స్ కొట్టు. బోర్డు ఎండకి వెలిసిపోయి పేరు కనబడదు గానీ అంబేడ్కర్ యూనివర్సిటీ పిల్లల్ని ఎవర్ని అడిగినా చూపిస్తారు.

ముందు పని సంగతి. పేజీ 2 రూపాయలు, రెండువైపులా అయితే 3. స్పైరల్ బైండింగు 40. మూడు కాపీలు గంటలో చేతికిచ్చాడు కొట్టాయన. ఒక పేజీ తలకిందులుగా పడితే మేం చూడకముందే తనే తీసి మార్చాడు. గ్రాఫుల రంగులు మాత్రం తేలిపోయాయి. కలర్ ప్రింటుకి శ్రీకాకుళం వెళ్లడమే మేలు. కూర్చోడానికి ఒకే స్టూలు.

నేను ఇంత రాయడానికి కారణం వెనకనున్న రేకు అలమర. అందులో పాత బ్యాచిల నోట్సులు సబ్జెక్టుల వారీగా కట్టలు కట్టి ఉన్నాయి. "చదువైపోయినోళ్లు ఇచ్చేసి వెళ్తారు మేడమ్, అడిగినోళ్లకి కాపీ తీసిస్తాను" అన్నాడు. రియల్ అనాలిసిస్ కట్ట తిప్పుతుంటే నా చెయ్యి ఆగిపోయింది. మొదటి పేజీలో ఒకదాని కింద ఒకటి అయిదు పేర్లు. మూడోది నాది.

1993లో నేను చేరినప్పుడు అది ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరు. 2008లో గానీ సొంత యూనివర్సిటీ కాలేదు. వెళ్లిపోయే సీనియరు నోట్సు జూనియరుకి ఇవ్వడం, తీసుకున్నవాళ్లు కింద పేరు రాసుకోవడం మా ఆనవాయితీ. జిరాక్సుకి డబ్బులెక్కడివి? చేత్తోనే ఎక్కించుకునేవాళ్లం. యూనిఫామ్ కన్వర్జెన్స్ దగ్గర, మార్జిన్లో, మా సీనియరక్క పెన్సిలుతో రాసింది ఇంకా ఉంది: "ఇక్కడ అర్థం కాకపోతే ఆదివారం బలగ రూముకి రా."

శ్రీకాకుళంలో బలగకి వెళ్లాను. "ముందు తిన్నావేటి?" అని అడిగాకే పుస్తకం తెరిచింది.

అప్పుడంతా బాగుండేదని అనను. మా తమ్ముడు వేరే ఊళ్లో ఇంజినీరింగులో చేరి, సీనియర్లకి భయపడి వారానికే ఇంటికొచ్చేశాడు. ర్యాగింగు నిషేధ చట్టం మనకి 1997లో వచ్చింది, అదెంతో మంచి పని. మా క్లాసులో మగపిల్లలతో రెండేళ్లూ "అండి" తోనే సరిపోయింది. మా అమ్మాయి క్లాసు వాళ్లు ఆడా మగా కలిసి టీ తాగుతారు, ఒకరి ఇంట్లో కష్టమొస్తే అందరూ వెళ్తారు. చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కానీ సీనియర్లలో ఒక్కరి ముఖం కూడా దానికి తెలీదు. గ్రూపులో పీడీఎఫ్ అడిగితే నిమిషంలో వచ్చి పడుతుంది, పంపిందెవరో నంబరే తప్ప పేరుండదు. పీడీఎఫ్ ఎవర్నీ ఆదివారం రూముకి రమ్మనదు కదా. నా బాధల్లా అదే.

ఈ ఏడాది ఆ కట్టలు ఇద్దరే అడిగారట. "అయినా పారెయ్యను మేడమ్, చోటుంది కదా" అన్నాడాయన. ఎచ్చెర్లలో చదివే పిల్లలూ, ఆ అలమర ఒకసారి తీయించి చూడండి. మీ సబ్జెక్టుది దొరికితే, రాసినవాళ్లెవరో కనుక్కుని ఒక ఫోను చెయ్యండి.

కొట్టు రాత్రి 9 దాకా ఉంటుంది, ఆదివారం మధ్యాహ్నం వరకే. ప్రాజెక్టుల నెలలో లైను రోడ్డు దాకా వస్తుంది, పొద్దున్నే వెళ్లండి.