మేత డబ్బా కింద ఎర్ర దీపం: లానోలో అయిదేళ్ల వాడకం

ఆస్టిన్ నుంచి కారులో గంటన్నర దూరంలో, లానో కౌంటీలో మాకు పన్నెండు ఎకరాల పొలం ఉంది. పొలం అనడం అలవాటుకొద్దీ. గులాబీ రంగు గ్రానైటు బండలు, లైవ్ ఓక్ చెట్లు, జూనిపర్ పొదలు తప్ప అక్కడ నాగలి దిగే చోటు లేదు. ఆ ప్రాంతాన్ని టెక్సస్ జింకల రాజధాని అంటారు. అందరిలాగే మేమూ మూడు కాళ్ల మేత డబ్బా ఒకటి కొని వరండాకు అరవై గజాల దూరంలో నిలబెట్టాం. టైమరు ప్రకారం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడుగున ఉన్న పళ్లెం ఆరేసి సెకన్లు గిర్రున తిరిగి మొక్కజొన్న గింజలు వెదజల్లుతుంది. వేట మా ఇంటా వంటా లేదు. కూర్చుని చూడడమే సరదా. చిక్కల్లా ఏమిటంటే డిసెంబరులో అయిదున్నరకే పొద్దు గుంకుతుంది, తెల్లతోక జింకలు సరిగ్గా ఆ తర్వాతే వస్తాయి. అందుకే 2020 అక్టోబరులో లైట్ల వేట మొదలుపెట్టాను. ఇప్పటికి మూడు రకాలు మార్చాను.

మొదటిది తెల్లటి సోలార్ లైటు. మూడు వేల ల్యూమెన్లు (వెలుతురు కొలత), కదలిక కనబడితే భగ్గున వెలుగుతుంది. గోడౌన్ ముందు పెట్టుకోవలసిన వస్తువు. మొదటి రాత్రి ఒక ఆడ జింక వెలుతురు పడగానే ముందుకాలు ఎత్తి, రెండుసార్లు నేలకేసి కొట్టి, ఒక్క బుస కొట్టింది. తెల్లటి తోక ఎత్తి మాయమైంది. తర్వాత తొమ్మిది రోజులు ఒక్క జింకా రాలేదు. వచ్చింది రకూన్లు, పిల్లికంటే కాస్త పెద్దగా ఉండి చెట్లెక్కే జంతువులు. వాటికి లైటంటే లెక్కే లేదు. మూడు రకూన్లు డబ్బా కాలు పట్టుకుని ఎక్కి, పళ్లేన్ని చేత్తో తిప్పి, బంతి భోజనానికి కూర్చున్నట్టు కింద చేరి తినేవి. లైటు చుట్టూ పురుగులు, పురుగుల కోసం సాలీళ్లు. సెన్సరు ముందు సాలెగూడు గాలికి ఊగినప్పుడల్లా లైటు వెలిగేది. చివరికి పక్క పొలం పెద్దాయన వచ్చి, తన పడకగది గోడ మీద రాత్రంతా మెరుపులు మెరుస్తున్నాయని మర్యాదగానే చెప్పాడు. నేను సిగ్గుపడి మర్నాడే విప్పేశాను.

రెండోది ఆకుపచ్చ లైటు, డబ్బా అడుగున తగిలించేది. జింకకు ఆకుపచ్చ కనబడదని పెట్టె మీద రాశారు. నమ్మకండి. జింక కంట్లో రంగు పట్టే కణాలు రెండు రకాలు. ఒకటి 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే నీలానికి, రెండోది 537 దగ్గర, అంటే సరిగ్గా ఆకుపచ్చకే బాగా స్పందిస్తుంది. దానికి సరిగా అందనిది ఎరుపు. ఆకుపచ్చలో మన కంటికి స్పష్టత బాగుంటుంది కాబట్టి వేటగాళ్లు దాన్ని ఇష్టపడతారు, అంతే. మా జింకలు రెండు వారాల్లో దానికి అలవాటు పడిన మాట నిజమే. కానీ ముసలి మగ జింకలు మాత్రం వెలుతురు అంచున, చీకట్లోనే నిలబడిపోయేవి.

2021 వేసవి నుంచి ఎర్రదే. వెలుతురు తక్కువ, వరండా నుంచి చూస్తే కొమ్ముల కొసలు లెక్కపెట్టలేం, బైనాక్యులర్స్ కావాలి. దీనికి ఒక నక్షత్రం తగ్గిస్తాను. కానీ జింకలు తల ఎత్తకుండా తింటాయి, పురుగులు చాలా తక్కువ. ఇందులో ఒక మంచి ఏర్పాటు ఉంది: రాత్రంతా గుడ్డిగా వెలుగుతూ, కదలిక తగిలితే నాలుగైదు సెకన్లలో మెల్లగా పెరుగుతుంది. భగ్గుమనకపోవడమే దీని గొప్ప. కొనేటప్పుడు ల్యూమెన్లు కాదు, ఈ మాట ఉందో లేదో చూడండి.

లైటు కంటే బ్యాటరీ గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా డబ్బు పోయింది అక్కడే. ఆకుపచ్చ లైటులో లిథియం బ్యాటరీ లోపలే ఉండేది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్ మొత్తం గడ్డకట్టింది కదా, అప్పుడు అదీ పోయింది. సున్నా డిగ్రీలకు దిగువన లిథియం బ్యాటరీని ఛార్జి చేస్తే పాడవుతుంది. ఎండ రాగానే సోలార్ పలక దాన్ని ఛార్జి చేయబోయింది, అది చచ్చింది. ఇప్పుడు విడిగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడుతున్నాను. లైటు 3 వాట్లు, అంటే గంటకు పావు ఆంపియర్-అవర్. సగానికి మించి ఖాళీ చేయకూడదనుకుంటే పద్నాలుగు గంటలు, శీతకాలపు రాత్రి ఒకటికి సరిగ్గా సరిపోతుంది. రెండు రోజులు మబ్బు పట్టిందా, గోవిందా. గుడ్డి వెలుతురు కూడా ఆపేసి, కదిలినప్పుడే వెలిగేలా పెట్టాక వారం మబ్బుకూ ఢోకా లేదు.

పలకను దక్షిణానికి, బాగా నిటారుగా వంచాను, శీతకాలపు ఎండ కోసం. లైవ్ ఓక్ చలికాలంలోనూ ఆకు రాల్చదు. దాని నీడ పలక మీద పడితే అంతే సంగతులు. ఇంకో శత్రువు జూనిపర్ పుప్పొడి. జనవరిలో ఆ చెట్లు పొగలాగా పుప్పొడి వదులుతాయి. మాకు తుమ్ములు, పలకకు పసుపు పూత. నెలకొకసారి తడిగుడ్డతో తుడవాలి. 2022 వేసవిలో కంట్రోల్ పెట్టె మూత తీస్తే లోపల వైర్ల మధ్య మెత్తటి ఎర్రమట్టి, అందులో నిప్పుచీమలు. మోచేతి దాకా కుట్టాయి. వైరు దూరే రంధ్రాన్ని సిలికాన్‌తో మూసేయడం కంపెనీ చేయవలసిన పని, నేను చేశాను.

ఇక పందులు. మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు ఉన్నారు. ఒక రాత్రి ఎర్ర వెలుతురులో పదిహేను అడవి పందులు దిగి నేలంతా తవ్వేస్తుంటే చూసి, "మన ఊళ్లో పందుల నుంచి పంట కాపాడుకోవడానికి మంచె ఎక్కి డబ్బాలు వాయిస్తాం. నువ్వు దీపం పెట్టి మరీ వడ్డిస్తున్నావేమిట్రా?" అన్నారు. ఆ మాటకు జవాబు లేక, 34 అంగుళాల ఎత్తు, 16 అడుగుల పొడవు ఉన్న ఇనప కంచె పలకలు ఎనిమిది కొని డబ్బా చుట్టూ బిగించాను. జింక దూకుతుంది, పంది దూకలేదు. లైట్లన్నిటికంటే ఈ కంచే ఎక్కువ పని చేసింది. లైటు పెడితే పందులు రావనే ప్రచారం ఒట్టిది. పళ్లెం చుట్టూ పంజరం బిగించాక రకూన్ల విందూ ముగిసింది.

ఒక హెచ్చరిక: ఇక్కడ చీకటి పడ్డాక తెల్లతోక జింకను కాల్చడం నేరం. పొద్దు గుంకిన అరగంటతో గడువు అయిపోతుంది. సొంత పొలంలో పందులకు ఆ పట్టింపు లేదు. లైటు కొనేవాళ్లు ఈ తేడా తెలుసుకుని కొనాలి.

వసంతంలో, శరదృతువులో వలస పక్షులు టెక్సస్ మీదుగా రాత్రిపూట ఎగురుతాయి. ఆ కాలంలో రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా బయటి దీపాలు ఆపమని ఇక్కడ ఏటా కోరతారు. నా లైటుకు టైమరు లేదు. పది డాలర్ల స్విచ్చి విడిగా పెట్టుకున్నాను. కంపెనీ ఆ పని చేసి ఉంటే ఇంకో అర నక్షత్రం ఇచ్చేవాణ్ణి. ఇప్పటికి అయిదుకు మూడున్నర.

పోయిన నవంబరులో కంచె దూకి లోపలికి వచ్చినది తెల్లతోక జింక కాదు. ఒంటి నిండా చుక్కలు. 1930లలో మన దేశం నుంచి తెచ్చి ఇక్కడ వదిలిన చుక్కల దుప్పుల సంతతి. తెలంగాణ రాష్ట్ర జంతువు, నల్లమలలో తిరిగేదే. ఎర్ర దీపం కింద నింపాదిగా మొక్కజొన్న నమిలింది. ఫోటో పంపితే నాన్నగారు వెంటనే ఫోను చేశారు. "దుప్పి సరే, పందులు మళ్లీ వచ్చాయా?" అని అడిగారు.