వియత్నాంలో రెండు వారాల బిజినెస్ ప్రోగ్రామ్: పెట్టిన డబ్బుకి ఏం వచ్చింది

2025 జూన్‌లో మా కాలేజీ నుంచి 18 మందిమి వియత్నాం వెళ్లొచ్చాం, రెండు వారాల బిజినెస్ స్టడీ ప్రోగ్రామ్ అని. ఫీజు 1,40,000 రూపాయలు. ఫ్లైట్లు, రూములు, పొద్దున టిఫిను, లోకల్ బస్సులు అందులోనే, మధ్యాహ్నం రాత్రి తిండి మన ఖర్చు. భీమవరం తిరిగొచ్చినప్పటి నుంచీ జూనియర్లు ఫోన్ చేసి "వెళ్లొచ్చా అక్కా?" అని అడుగుతూనే ఉన్నారు, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా. ముందే చెప్తున్నా, ఆ 14 రోజుల్లో నాకు పనికొచ్చినవి నాలుగంటే నాలుగు రోజులు. మరి ఆ నాలుగు రోజులకీ అంత పెట్టొచ్చా అంటే, మా ఇంట్లో రొయ్యల చెరువులున్నాయి కాబట్టి పెట్టొచ్చనే అంటాను. మీ సంగతి మీరు చూసుకోవాలి.

వీసా దగ్గరే మొదటి దెబ్బ. ఈ-వీసాకి 25 డాలర్లు, వియత్నాం ప్రభుత్వ సైటులో ఎవరికి వాళ్లు కూర్చుని పెట్టేసుకోవచ్చు. మా చేత మాత్రం ఒక ఏజెంటుకి ఇప్పించారు, ఆయన తలకి 4,500 రూపాయలు తీసుకున్నాడు. తీసుకుంటే తీసుకున్నాడు, నా ఇంటిపేరులో ఒక అక్షరం మింగేశాడు. మన ఇంటిపేర్లు పాస్‌పోర్టులో ఎంత పొడుగుంటాయో తెలుసుగా, అక్షరం తేడా వస్తే ఎయిర్‌పోర్టు కౌంటర్లోనే ఆపేస్తారు. మళ్లీ అప్లికేషను, మళ్లీ 25 డాలర్లు, బయల్దేరే రోజు మధ్యాహ్నం దాకా వీసా రాలేదు. చేతిలో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ టికెట్టు, పక్కన సర్దేసిన సూట్‌కేసు, నేను పడ్డ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు. వీసా మీరే పెట్టుకోండి.

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌లో ఫ్లైటు మారి హో చి మిన్ సిటీ చేరాం, అక్కడివాళ్లు ఇప్పటికీ సైగాన్ అనే అంటారు. మొదటి వారం బస థూ డుక్ వైపు ఒక యూనివర్సిటీ గెస్ట్‌హౌస్‌లో. రూముకి నలుగురం, పరుపులు అప్పడాల్లా ఉన్నాయి, వాషింగ్ మెషీన్ దగ్గర క్యూ, వైఫై అర్ధరాత్రి దాటితేనే పనిచేసేది. కానీ ఏసీ బాగుంది, బాత్‌రూముల్లో నీళ్ల పైపు ఉంది (విదేశం వెళ్లే తెలుగువాళ్లకి ఇదెంత పెద్ద విషయమో నేను చెప్పక్కర్లేదు). దగ్గర్లోనే మెట్రో ఉంది. 2024 డిసెంబరులో మొదలైన లైను, దాదాపు 20 కిలోమీటర్లు, ఊరి మధ్యలో బెన్ థాన్ మార్కెట్ దాకా వెళ్తుంది. టికెట్టు ఎంత దూరమైనా 20 వేల డాంగ్‌లు దాటేది కాదు. అప్పుడు మన రూపాయికి 300 డాంగ్‌లు వచ్చేవి, అంటే 70 రూపాయల లోపే. సిటీలో రూము ఇవ్వలేదని మొదట్లో అందరం గొణుక్కున్నాం కానీ, ఈ మెట్రో ఉన్నంతకాలం అది తప్పేం కాదు.

డబ్బు విషయానికొస్తే, వీధి చివర చెరుకు రసం బండికి కూడా క్యూఆర్ కోడ్ ఉంటుంది, చూసి సంబరపడతాం, మన ఫోన్‌పే మాత్రం అప్పుడు దాని మీద పనిచెయ్యలేదు. డాలర్లు పట్టుకెళ్లండి, నోటు మడత పడకూడదు, గీత ఉండకూడదు. బెన్ థాన్ మార్కెట్ దగ్గర బంగారం కొట్లో మారిస్తే ఎయిర్‌పోర్టు కంటే మంచి రేటు ఇచ్చారు. బంగారం కొట్లో డబ్బు మార్చడం మన నరసాపురం వాళ్లకి వింతగా ఏం అనిపించదులెండి.

క్లాసులు రోజూ పొద్దున మూడు గంటలు. నిజం చెప్పాలంటే చాలావరకు స్లైడ్లు చదివి వినిపించారు, ఆ పని మా కాలేజీలో ఫీజు లేకుండానే చేస్తారు. కంపెనీ విజిట్ అని ఒక ఇండస్ట్రియల్ పార్కుకి తీసుకెళ్లి, ఏసీ హాల్లో కూర్చోబెట్టి, వీడియో వేసి, తలో పెన్ను ఇచ్చి, గ్రూప్ ఫొటో తీసి పంపేశారు. లోపల ఒక్క మెషీన్ కూడా చూళ్లేదు.

ఒక్క మేడమ్ క్లాసు మాత్రం మర్చిపోలేను. 1986లో మొదలైన దోయ్ మోయ్ సంస్కరణలు (వియత్నాం ఆర్థిక వ్యవస్థని మార్కెట్ వైపు తిప్పినవి) చెప్తూ చెప్తూ ఆవిడ బోర్డు మీద 46, 26, 10 అని మూడంకెలు రాసి ఆగింది. ఏప్రిల్ 2న అమెరికా ప్రకటించిన సుంకాలవి: వియత్నాంకి 46 శాతం, మనకి 26, ఈక్వెడార్‌కి 10. మేం వెళ్లేటప్పటికి మొదటి రెండూ వాయిదాలో ఉన్నాయి. రొయ్యలమ్మే మూడు దేశాల్లో ఎవరికి మంచిది అని అడిగి, మా వైపు చూసి నవ్వింది. నేను ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేసి "వీళ్లకంటే మనమే నయం నాన్నా" అని గొప్పగా చెప్పా. జూలైలో వాళ్లది 20కి దిగింది, ఆగస్టు నెలాఖరుకి మనది 50కి ఎక్కి కూర్చుంది. మాది కాళ్ళ మండలం, ఆరెకరాల వనామీ రొయ్యల చెరువులు, అందులో నాలుగు లీజు. నాన్న ఇప్పటికీ ఆ ఫోన్ కాల్ ఎత్తి ఏడిపిస్తాడు.

రెండో వారం కాన్ థో అనే ఊరు. స్లీపర్ బస్సులో మూడున్నర నాలుగు గంటలు, ఎక్కేటప్పుడు చెప్పులు విప్పించి ఒక కవరిస్తారు, అందులో వేసుకుని లోపలికి వెళ్లాలి. ఈ బస్సుకి నేను పదికి తొమ్మిది వేస్తా. నది ఒడ్డున హోటలు, ఇద్దరికో రూము, పొద్దున ఫో సూపు. మెకాంగ్ నది అక్కడికొచ్చేసరికి పాయలుగా చీలి, కాలవలు, లంకలు, వరి, అరటి... కిటికీ తెరవగానే మా రూమ్మేట్ (అమలాపురం పిల్ల) "ఒసేయ్, ఇది చూడ్డానికా మా అమ్మ చిట్టీ పాడింది" అని మంచం మీద కూలబడింది.

కై రాంగ్ నీటి సంతకి తెల్లారకుండానే వెళ్లాలి. పడవ ముందు ఒక పొడుగాటి వెదురు గడ కట్టి, ఏం అమ్ముతున్నారో దాన్నే గడకి వేలాడదీస్తారు, అనాసపండైతే అనాసపండు, గుమ్మడికాయైతే గుమ్మడికాయ. గడకి తాటాకులాంటి ఆకు కడితే పడవే అమ్మకానికి ఉందని గుర్తట. బోర్డు లేదు, కేక లేదు, మార్కెటింగ్ క్లాసు అంతా ఆ గడ మీదే ఉంది. కాకపోతే రోడ్లొచ్చాక సరుకు పడవలు తగ్గిపోయి, ఇప్పుడు టూరిస్టు పడవలే ఎక్కువ కనిపిస్తున్నాయి.

అసలు సంగతి సోక్ ట్రాంగ్ వైపు రొయ్యల ప్లాంటులో. గమ్‌బూట్లు, టోపీ, మాస్కు వేయించి లోపలికి పంపారు, చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. పొడుగు స్టీలు బల్లల దగ్గర వరసగా ఆడవాళ్లు. ఒకావిడ ఒలిచిన రొయ్యని వెల్లకిలా పెట్టి, పొట్ట వైపు అడ్డంగా చిన్న చిన్న గాట్లు పెట్టి, తిప్పి, వేళ్లతో మెల్లిగా నొక్కుతూ లాగింది. వంకర రొయ్య కాస్తా స్కేలులా తిన్నగా, పొడుగ్గా అయిపోయింది. ట్రేలో గీత ఉంటుంది, దానికి సరిపోవాలి, లేదంటే పక్కన పడేస్తుంది. దీన్ని నోబాషీ అంటారు, జపాన్‌వాళ్లు టెంపురాకి (పిండిలో ముంచి వేయించే వంటకం) కొంటారు. అదే వనామీ, అదే సైజు, కానీ కిలో రేటు వేరే. ఈక్వెడార్ నుంచి, మన దేశం నుంచి కూడా రొయ్య తెప్పించుకుని ప్రాసెస్ చేసి అమ్ముతారని అక్కడే విన్నా. మన దగ్గరా ఇలాంటివి చేసే ప్లాంట్లున్నాయి కానీ, మనవి ఎక్కువగా తల తీసి, ఒలిచి, ఫ్రీజ్ చేసి పంపడమే. పుట్టినప్పటి నుంచీ చెరువు గట్టు మీద పెరిగినదాన్ని, పట్టుబడి రోజు లారీ ఎక్కాక ఆ రొయ్యకి ఏమవుతుందో చూడ్డం అదే మొదటిసారి.

ఇంకోటి, ఉప్పునీళ్లొచ్చే ఊళ్లలో ఎండాకాలం రొయ్య వేసి, వానలు పడ్డాక ఉప్పు కడిగేసి అదే మడిలో వరి నాటతారు. మా ఊళ్లో ఒకసారి చెరువు తవ్వామంటే ఆ చేలో మళ్లీ వరి మాటే ఉండదు.

చివర్లో బెన్ ట్రేలో హోమ్‌స్టే, కొబ్బరి తోటలో, దోమతెరలు, వానకి కరెంటు పోవడం, అచ్చం అమ్మమ్మగారిల్లే. అక్కడ కొబ్బరిపాలు, పంచదార కలిపి కాచి, ముక్కలు కోసి, తినగలిగే బియ్యప్పిండి కాగితంలో చుట్టి అమ్ముతారు. అంబాజీపేట నుంచి కాయ లారీ ఎక్కుతుంది, ఆత్రేయపురంలో బియ్యపు రేకు ఉంది, ఈ రెండూ కలవడానికి నేను వియత్నాం వెళ్లాల్సొచ్చింది. నాకు నచ్చిన బస ఇదే, మిగతావాళ్లలో సగం మంది మాత్రం ఇది డబ్బు దండగ అన్నారు.

తిండి: శాకాహారులు "చాయ్" (chay, టీ కాదు) అనే మాట నేర్చుకోండి, అది రాసున్న హోటళ్లలో పూర్తి శాకాహారమే. మిగతా చోట కూరల్లో కూడా చేపల సాస్ పడుతుంది. "వెజ్ దొరుకుతుంది" అని మాకు చెప్పినవాళ్లు ఈ ముక్క చెప్పలేదు. చేపలు తినేవాళ్లకి మాత్రం పండగే. వాళ్ల చింతపండు పులుసులో అనాస ముక్కలేస్తారు, మొదటి ముద్దకి మొహం చిట్లించి మూడో రోజుకి నేనే అడిగి వేయించుకున్నా.

సర్టిఫికెట్ వచ్చింది, క్రెడిట్లు రాలేదు. చేరేముందు నోటిమాటగా కలుస్తాయన్నారు, వచ్చాక మొహం చాటేశారు. కట్టేముందు కాగితం మీద రాయించుకోండి, ఇంకా ముఖ్యంగా, షెడ్యూలు తెప్పించుకుని ఫ్యాక్టరీ లోపల ఎన్ని గంటలు, హాల్లో ఎన్ని గంటలు అని విడదీసి అడగండి. సరిగా చెప్పలేకపోతే ఆ డబ్బుతో మామూలు టూరుకే వెళ్లొచ్చు, ఇంకా మంచి పరుపులు దొరుకుతాయి.

ఇంటికొచ్చాక నాన్నకి నోబాషీ ఫొటోలు చూపించి, ఎలా చేస్తారో చేత్తో చేసి చూపించా. వేలితో స్క్రీన్ పెద్దది చేసి, చిన్నది చేసి, చాలాసేపు చూశాడు. "వాళ్లు రొయ్యని సాగదీస్తున్నారమ్మా, మనవాళ్లు పేమెంటుని సాగదీస్తారు" అని ఫోన్ నా చేతికిచ్చేసి, ఏరియేటర్లు వెయ్యడానికి చెరువు దగ్గరికి వెళ్లిపోయాడు.